చిల్లగింజల మూట

అమ్మ సంవత్సరీకానికి హైదరాబాద్ నుంచి అక్క, బావ, మేనకోడలు వచ్చారు. కారు దిగుతూనే మా మేనకోడలు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మావయ్యా, ఏదో కుళ్లిన వాసన వస్తోంది, ఇంట్లో ఎలక గానీ చచ్చిందా?" అంది. నేను గట్టిగా గాలి పీల్చాను. నాకేమీ తెలియలేదు. మా ఆవిడ వైపు చూశాను. తనూ లేదన్నట్టు తలూపింది.

కాసేపటికి గుర్తొచ్చింది. వీధి చివరి రొయ్యల చెరువులో రెండు రోజుల కిందట పట్టుబడి అయింది. నీళ్లు తోడేశారు. అడుగు బురద ఎండకి ఎండుతోంది. వాసన దానిది. ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చేదే. మా ఇంటి చుట్టూ అలాంటి చెరువులు పదకొండు ఉన్నాయి కాబట్టి, ఎప్పుడూ ఏదో ఒకటి ఎండుతూనే ఉంటుంది. ఆ పిల్ల చెప్పేదాకా అది వాసన అన్న సంగతే మాకు తెలియలేదు. ఆ రాత్రంతా నన్ను తొలిచేసింది ఇదే. చెరువులు తవ్వడం కాదు, వాసన రావడం కాదు, అది మాకు తెలియకుండా పోవడం.

మర్నాడు పొద్దున్నే పంతులుగారు వచ్చారు. సామాన్లన్నీ చూసుకుని, "బాబూ, కాలువ నీళ్లు ఒక బిందెడు తెప్పించండి" అన్నారు. అంటూనే ఆగిపోయారు. వైశాఖం కదా, కాలువలు కట్టేశారు. "పోనీ చెరువు నీళ్లు" అన్నారు. మంచినీళ్ల చెరువుని పంచాయతీ చేపలకి పాట పెట్టి చాలా ఏళ్లయింది. ఆయనకీ తెలుసు. ఏమీ అనలేక నా వైపు చూశారు.

వంటింట్లోకి వెళ్లి ఇరవై లీటర్ల టిన్ను మూత తీసి, అమ్మ రాగి బిందెలోకి ఒంపాను. జీవితంలో ఎక్కువ భాగం చెరువు నీళ్లే తాగిన మా అమ్మకి, ప్లాస్టిక్ టిన్ను నీళ్లతో తర్పణం వదిలాను.

* * *

మాది ఉండికీ ఆకివీడుకీ మధ్య, రోడ్డు మీంచి లోపలికి వెళ్లాల్సిన ఊరు. మా చిన్నప్పుడు రెండు చెరువులుండేవి. ఊరచెరువు గేదెలకీ, బట్టలకీ, ఈతలకీ. రెండోది మంచినీళ్ల చెరువు. దాని గట్టు మీదికి చెప్పులతో ఎక్కకూడదు. అందులో కాళ్లు కడగకూడదు, చెయ్యి ముంచకూడదు. బిందె బయట తోముకుని, మెట్టు మీద నిలబడి, నీటిని ఒకసారి బిందె అంచుతో పక్కకి నెట్టి ముంచుకోవాలి. ఈ నియమాలు ఏ బోర్డు మీదా రాసిలేవు. చెరువు కాపలాకి ఒక ముసలాయన ఉండేవాడు. చేతిలో కర్ర ఉండేది గానీ ఎవరినీ కొట్టగా చూడలేదు. ఒక్కసారి దగ్గితే చాలు, పిల్లలం పరిగెత్తేవాళ్లం. పంట రోజుల్లో ఇంటింటికీ తిరిగి ఇన్ని కుంచాలని ధాన్యం తీసుకునేవాడు.

తెల్లవారుజామున నాలుగింటికే బిందెల చప్పుడు మొదలయ్యేది. రాగి బిందెకి ఇత్తడి చెంబు తగిలితే ఒక చప్పుడు, స్టీలు బిందెకి తగిలితే ఇంకొకటి. పక్కలో పడుకునే, ఎవరు నీళ్లకి వెళ్తున్నారో అమ్మ చెప్పేసేది. "అదిగో, పెదనాన్నగారింట్లో వాళ్లు వెళ్తున్నారు, నేనూ లేవాలి" అని లేచేది. అప్పుడు ఇంట్లో గడియారం ఉండేది గానీ అమ్మ దాన్ని చూసిన గుర్తు లేదు.

వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపడం మాకు పండగతో సమానం. దాళ్వా, అంటే రబీ వరి, కోతలైపోయాక, మరమ్మతులకని విజ్జేశ్వరం దగ్గర కాలువ తలుపులు దించేస్తారు. మళ్లీ జూన్‌లో వదిలేదాకా నెలన్నర పాటు ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి. అందుకని కట్టేసే వారం ముందు నుంచీ కాలువ నీళ్లు చూసే లస్కరు చుట్టూ పెద్దలు తిరిగేవారు. తూము ఎత్తిన రోజు పిల్లలం బోదె, అంటే పిల్లకాలువ, వెంట పరిగెత్తేవాళ్లం. ఎండిపోయి నెర్రెలు విచ్చిన బోదెలో నీటి మొన పాములా ముందుకి పాకుతూ వచ్చేది. ముందు ఎండుటాకులు, పుల్లలు, చీమలు నురగ మీద తేలుతూ వచ్చేవి. వాటి వెనకాల నీళ్లు. నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే బుడబుడమని చప్పుడు. ఆ తడిసిన మట్టి వాసన గురించి మా మేనకోడలికి చెబుదామనుకున్నాను గానీ, ఎలా చెప్పాలో తెలియలేదు.

కాలువ కట్టేశాక ఇంకో సంబరం. అడుగున మిగిలిన మడుగుల్లో మట్టగిడసలు, జెల్లలు, ఇంగిలాయిలు చేతులతోనే పట్టేవాళ్లం. జెల్ల ముల్లు గుచ్చుకుంటే రెండు రోజులు జ్వరం. అయినా మర్నాడు మళ్లీ దిగేవాళ్లం.

జూన్‌లో కాలువ వదిలారన్న కబురు ఊళ్లోకి నీళ్లకన్నా ముందు వచ్చేది. తర్వాత జూలైలో గోదావరికి వరదొస్తే ఎర్రనీళ్లు. బిందెలో ముంచితే అడుగు కనపడదు. అప్పుడు అమ్మ చిల్లగింజల మూట తీసేది. మట్టి కాగు లోపలి గోడకి ఆ గింజని గుండ్రంగా అరగదీసి, మీద నీళ్లు పోసి మూత పెట్టేది. పొద్దున్నకి మట్టంతా అడుక్కి దిగి, పైన నీళ్లు తేటగా నిలిచేవి. ఆ నీళ్లకి ఒక రుచుండేది. అది గోదావరి మట్టి రుచో, కాగు రుచో, గింజ రుచో నాకు తెలియదు. అలాంటి రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు.

ఇదంతా కాటన్ దొర పుణ్యమని మా తాతయ్య అనేవాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యేదాకా, వానొస్తే ముంపు, రాకపోతే కరువుగా ఉన్న నేల ఇది. ఆనకట్ట తర్వాత కాలువలొచ్చాయి, కాలువల వెంట లాకులొచ్చాయి, పడవలొచ్చాయి, వరి వచ్చింది. నీళ్లొచ్చాక బాగుపడిన ప్రాంతం మాది. అందుకే ఈరోజు నీళ్లు కొనుక్కోవడం మాకు వేరే ఊళ్ల వాళ్లకన్నా ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

* * *

డిగ్రీ మధ్యలో ఆపేసి నేను రైస్ మిల్లులో గుమాస్తాగా చేరాను. పదహారేళ్లు చేశాను. ధాన్యం బస్తాలు దిగే రోజుల్లో మిల్లు ముందు ఎడ్లబళ్లు, తర్వాత ట్రాక్టర్లు, అర కిలోమీటరు బారున ఆగేవి. పగలూ రాత్రీ మిల్లు మోత. ఆ మోత ఆగితే ఊళ్లో నిద్రపోతున్న వాళ్లకి మెలకువ వచ్చేది. ఒంటి నిండా తవుడు. ఇంటికొస్తే అమ్మ గుమ్మంలోనే చొక్కా విప్పించి దులిపించేది.

ధాన్యం గుప్పిట్లో తీసుకుని వాసన చూస్తే, వానాకాలం సార్వాదో దాళ్వాదో చెప్పగలిగేవాణ్ని. గింజ నోట్లో వేసుకుని కొరికితే తేమ ఎంతుందో తెలిసేది. మెషీన్‌లో పెడితే ఒకటి రెండు శాతం కన్నా తేడా వచ్చేది కాదు. సార్వాకి ఎక్కువగా స్వర్ణ. అది మా జిల్లాలోని మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన వంగడం. ఒడిశా, బెంగాల్ దాకా వెళ్లి లక్షల ఎకరాల్లో పండింది. దాళ్వాకి 1010, దాన్నే కాటన్‌దొర సన్నాలు అనేవాళ్లం. అదీ మార్టేరుదే. ఎవరైనా బయటి ఊరి వ్యాపారి వస్తే మా ఓనరుగారు ఈ సంగతులన్నీ చెప్పి, "మా నేల దేశానికి విత్తనం పెట్టిందండీ" అనేవారు. ఆ మాటకి పక్కన నిలబడ్డ నాకు కూడా ఒళ్లు పొంగేది.

ధాన్యం తగ్గిపోయి మిల్లు మూతపడింది. యంత్రాలు పాత ఇనుముకి వెళ్లాయి. ఇప్పుడు నేను అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తున్నాను. అంటే రొయ్య మీదే నా జీతం. చెరువుల్ని తిడుతూ ఇంత రాస్తున్న నేను తినేది ఆ చెరువుల కూడే. ఈ మాట దాచి మిగతావి రాయడం నాకు చేతకాదు.

* * *

చెరువులు ఒక్కసారిగా రాలేదు. మా చిన్నప్పుడే కొల్లేటి వైపు చేపల చెరువులుండేవి. శీలావతి, బొచ్చె వేసేవారు. అవి లోతట్టు నేలలు, వరి సరిగా పండనివి. ఎవరూ తప్పుపట్టలేదు. తర్వాత తొంభైల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. ఒక్క పంటతో మేడలు కట్టినవాళ్లని చూశాం. రెండు మూడేళ్లకే తెల్లమచ్చ తెగులు వచ్చి అంతా ఊడ్చిపెట్టుకుపోయింది. వాళ్లలో కొంతమంది ఊళ్లు వదిలేశారు. అప్పుడు నాన్న, "చూశావా, భూమిని నమ్ముకున్నవాడు ఎప్పుడూ ఇలా అవడు" అన్నాడు.

2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక కథ మారిపోయింది. టైగర్‌లా సముద్రం పక్కనే అక్కర్లేదు దానికి. కొద్దిపాటి ఉప్పుంటే చాలు, ఎంత లోపలైనా పెరుగుతుంది. ఆ కొద్దిపాటి ఉప్పు కోసం చేలల్లో లోతుగా బోర్లు వేసి చవిటి నీళ్లు పైకి తోడారు. గోదావరి నూటయాభై ఏళ్లకి పైగా కడిగి కడిగి తీపి చేసిన నేల మీద, మనుషులే ఉప్పు తెచ్చి పోశారు.

మాకు రెండెకరాలు. మా చేనుకి పడమట ఆరెకరాలు ఒక పెద్ద రైతుది. ఆయన చెరువు తవ్వించాడు. మొదటి ఏడు మాకేం తెలియలేదు. రెండో ఏడు ఆయన గట్టు పక్కనున్న మడిలో ఊడ్చిన వారానికే నాట్లు ఎర్రబారాయి. మూడో ఏటికి ఊట సగం చేనుకి పాకింది. ఎకరాకి ముప్పై బస్తాలయ్యే చేలో పన్నెండు అయ్యాయి. కోసిన చోట నేల మీద తెల్లగా సౌడు పేరుకుంది. నాన్న ఆయన దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు నేను కూడా వెళ్లాను.

"బాబాయ్‌గారూ, మీ చెరువు ఊట నా చేలోకి దిగుతోందండి. చుట్టూ ఒక కాలువైనా తీయించండి, ఆ ఊట మురుక్కాలువలోకి పోద్ది" అన్నాడు నాన్న.

ఆయన కోపంగా ఏమీ అనలేదు. కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించాడు. "ఎందుకురా అబ్బాయ్ ఈ బాధ, నువ్వూ తవ్వించెయ్యి. నేనే కౌలుకి తీసుకుంటాను. నీకు ధాన్యం మీద వచ్చేదానికి మూడింతలిస్తాను" అన్నాడు.

నాన్న కాఫీ తాగకుండా లేచాడు. ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. వచ్చి చూస్తామన్నారు. మూడు సార్వాలు గడిచాయి. ఒకసారి ఎవరో వచ్చి, గట్టు మీద నిలబడి ఫొటో తీసుకుని వెళ్లారు. ఈలోగా మాకు తూర్పున ఉన్న వాళ్లు కూడా ఇచ్చేశారు. బోదె పూడిపోయింది. రెండు చెరువుల మధ్య మా రెండెకరాలు ఒక్కటే మిగిలింది. నీళ్లు పెట్టే దారి లేదు, తీసే దారి లేదు.

చెరువులు ఎలా పెరిగాయని ఎవరైనా అడిగితే, డబ్బాశ అని చెప్పేస్తారు. అది సగమే నిజం. ఒకడు ఆశతో తవ్వితే, చుట్టూ ఉన్న నలుగురు గతిలేక తవ్వారు. మా ఊళ్లో మా నాన్నలాంటి వాళ్లు డజను మంది పేర్లు చెప్పగలను. వాళ్ల మీద ఆ ఆశ అన్న మాట పడితే నాకు కడుపు మండుతుంది.

పొక్లెయిన్ వచ్చిన రోజు నాన్న చేలోకి రాలేదు. అరుగు మీద కూర్చున్నాడు. గట్టు మీద నాలుగు తాడిచెట్లుండేవి, మా తాతయ్య వేసినవి. అవి పడిన చప్పుడు ఇంటిదాకా వినపడింది. నాలుగోది పడ్డాక లేచి లోపలికి వెళ్లి నన్ను పిలిచి, "ఆ ఆకుమడి మూల ఐదు సెంట్లు మట్టుకు వదిలెయ్యమను" అన్నాడు. నేను పరిగెత్తుకెళ్లి చెప్పాను. పొక్లెయిన్ డ్రైవరు కుర్రాడు, ఎక్కడివాడో, ఒక్క క్షణం ఆగి సరేనన్నాడు. ఆ ఐదు సెంట్లలో నాన్న నాలుగేళ్లు వరి ఊడ్చాడు. మోటారు నీళ్లు పనికిరావని, వానాకాలం మట్టుకే. పండింది బస్తాకి తక్కువే. సంక్రాంతికి ఆ కొత్త బియ్యంతో పొంగలి వండేది అమ్మ. నాన్న పోయాక ఆ మూల కూడా ఉప్పెక్కిపోయింది. ఇప్పుడక్కడ చెరువు వాళ్లు మేత బస్తాలు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది.

* * *

రాత్రిళ్లు కప్పల రొదలో పడుకునేవాళ్లం. సార్వా ఊడ్పుల రోజుల్లో ఆ రొద చెవులు చిల్లులు పడేలా ఉండేది. కోతలయ్యాక బాతుల మందలొచ్చేవి. వందలకొద్దీ బాతులు కోసిన చేలల్లో రాలిన గింజలు ఏరుకుంటూ, ఒకటే గోల. బాతుల వాళ్లు గట్టు మీదే గుడిసెలేసుకునేవారు. అమ్మ వాళ్లకి మజ్జిగ పంపిస్తే గుడ్లిచ్చి పంపేవారు.

ఇప్పుడు రాత్రంతా ఏరియేటర్ల మోత. నీళ్లని చిలుకుతూ తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటాయి. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడు కరెంటు పోతే గంట రెండు గంటల్లో రొయ్యలు తేలిపోతాయి. అందుకని కరెంటు పోయిన మరుక్షణం ఊరి చుట్టూ జనరేటర్లు లేస్తాయి, టార్చిలైట్లు పరిగెడతాయి, ఫోన్లలో అరుపులు. కౌలు కుర్రాళ్లు గట్ల మీదే మంచాలేసుకుని పడుకుంటారు. వాళ్ల టెన్షన్ చూస్తే జాలేస్తుంది. అప్పు తెచ్చి వేసిన పంట నీళ్లలో కనపడకుండా ఉంటుంది. వరి అయితే గట్టు మీద నిలబడి ఎలా ఉందో చూసుకోవచ్చు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, మా వీధిలో ముగ్గురు కుర్రాళ్లు పంట కౌంటుకి, అంటే అమ్మే సైజుకి, రాకుండానే పట్టేశారు. ఎక్కడో సంతకం పెడితే ఇక్కడ మా పక్కింట్లో పొయ్యి వెలగలేదు.

ఊడ్పులకి వచ్చే ఆడవాళ్ల గురించి చెప్పాలి. ఇరవై మంది వరసగా వంగి, ఒకళ్లు పాట అందుకుంటే మిగతావాళ్లు అందుకుంటూ వెనక్కి వెనక్కి నడిచేవారు. అందరికన్నా ముందు పాట ఎత్తే ఆవిడ ఇప్పుడు రొయ్యలు వలిచే షెడ్డుకి వెళ్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి బండి వస్తుంది. ఐసులో చేతులు పెట్టి పెట్టి వేళ్ల చివర్లు పగిలిపోయి, అన్నం కలుపుకోవడానికి చెంచా వాడుతుంది. "పాడతావా వదినా ఇప్పుడు?" అని అడిగాను ఒకసారి. "ఆ మోతలో ఎవరికి వినపడద్దయ్యా" అంది. కాని ఇంకో మాట కూడా అంది. "చేల పని ఏడాదికి మూడు నెల్లు. ఇది ఏడాది పొడుగునా ఉంటది. పిల్లని ఇంజినీరింగ్ చదివించాను" అని. ఆవిడ ముందు నా బాధంతా చెప్పుకోవడానికి నోరు రాలేదు.

* * *

ఇప్పుడు రోజు ఎలా గడుస్తుందో చెబుతాను.

పొద్దున్న ఆరింటికి నీళ్ల ఆటో హారను. టిన్నులు మార్చుకోవాలి. రాకపోతే వంట ఆగిపోతుంది. కుళాయి నీళ్లు స్నానానికీ గిన్నెలకీ. ఆ నీళ్లతో టీ పెడితే పాలు విరిగిపోయేవి. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. గోడలు మోకాలి ఎత్తుదాకా ఉప్పెక్కి, వేసిన సున్నం పొట్టులా రాలుతుంది. బండి రెండేళ్లకే తుప్పు పట్టేస్తుంది. కుళాయి మార్చడానికి వచ్చిన మెకానిక్, "ఈ ఊళ్లో పనికి లోటుండదండీ" అంటాడు.

రోడ్డు మీదికెళ్తే చేపల లారీలు. ఐసు కరిగి ఆ నీచు నీళ్లు దారి పొడుగునా కారుతూ వెళ్తాయి. చెరువు మట్టి తోలే ట్రాక్టర్ల నుంచి బురద పెళ్లలు పడతాయి. వానకి రెండూ కలిసి రోడ్డు జారుడుబల్ల అవుతుంది. బడికెళ్లే పిల్లలు సైకిళ్ల మీంచి పడని వారం లేదు. అమ్మకి ఆయాసం వచ్చిన రాత్రి, పన్నెండు కిలోమీటర్ల దూరానికి మాకు యాభై నిమిషాలు పట్టింది. గుంటలో బండి పడ్డప్పుడల్లా అమ్మ నా చెయ్యి పట్టుకునేది. నొప్పికి కాదు, నేను కంగారు పడుతున్నానని.

అర్ధరాత్రి దాటాక కొన్ని లారీలొస్తాయి, పట్టాలు కప్పుకుని. కోళ్ల వ్యర్థాలు. వాటిని చేపలకి మేతగా వేయకూడదని నిషేధం ఉంది. అయినా వస్తాయి. పట్టుకున్నారని పేపర్లో చదువుతాం, వారానికి మళ్లీ వస్తాయి. ఆ వాసనకి మాత్రం మేమింకా అలవాటు పడలేదు.

సంక్రాంతికి అక్క ఒక్కతే వచ్చిన ఏడు, గొబ్బెమ్మలకని పేడ కోసం బక్కెట్టు పట్టుకుని ఊరంతా తిరిగింది. మేత లేక గేదెల్ని అమ్మేశారు అందరూ. వరి లేకపోతే గడ్డి లేదు, గడ్డి లేకపోతే పశువు లేదు, పశువు లేకపోతే పేడ లేదు. చివరికి పక్కూళ్లో ఒకాయన దగ్గర దొరికితే, యాభై రూపాయలిచ్చి తెచ్చింది. పాడికి పేరున్న ఊళ్లో, పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం కొట్టు ముందు నిలబడుతున్నాం.

ఇదంతా మేం నోరు మూసుకుని పడ్డామని కాదు. 2016లో భీమవరం దగ్గర తుందుర్రు జనం, ఆడవాళ్లతో సహా, ఆక్వా ఫుడ్ పార్కు మురుగు గొంతేరు కాలువలో కలుస్తుందని రోడ్డెక్కారు. ఊళ్లలో 144 సెక్షన్ పెట్టారు. మా ఊరి నుంచి కూడా పదిమందిమి వెళ్లి కూర్చుని వచ్చాం. ఆ రోజు పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, "మాకు పరిహారం వద్దు నాయనా, మా కాలువ మాకుంచితే చాలు" అంది. ఆవిడ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

* * *

నాన్న నన్ను ఒకసారి కొల్లేటికోట తీసుకెళ్లాడు. పెద్దింట్లమ్మవారి జాతరకి, ఫాల్గుణంలో. సగం దారి పడవ. నీళ్లలో తామరలు, గుర్రపుడెక్క, దూరంగా గూడబాతులు. ఒకతను తాటిదోనెలో నిలబడి, గెడ వేసుకుంటూ మా పక్కనుంచి వెళ్లాడు. కొల్లేరుకి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయని అడిగితే, "అందరి నీళ్లూ ఇక్కడికే చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి" అన్నాడు నాన్న. "మనం ఏది వదిలినా ఇక్కడే తేలుద్ది" అని కూడా అన్నాడు.

కొల్లేరుని 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా గుర్తించిన రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అక్రమ చెరువుల గట్లు పేల్చేశారు. ఆ గట్లు పేలుస్తుంటే సంతోషపడాలో, వాటి మీద బతుకుతున్న వాళ్ల మొహాలు చూసి బాధపడాలో మాకు తెలియలేదు. తర్వాత మళ్లీ చాలాచోట్ల గట్లు లేచాయి. ఆ కొల్లేటిలో కలిసేది మా డ్రెయిన్లే. నాన్న చెప్పినట్టే.

* * *

కార్యక్రమం అయ్యాక పిండాలు కలపడానికి ఊళ్లో నీళ్లు లేవు. బావ కారులో నరసాపురం వెళ్లి వశిష్ట గోదాట్లో కలిపాం. చిన్నప్పుడు తాతయ్యవి మా రేవులోనే కలిపారు. కాకులు రేవు మెట్ల మీద వాలేవి. నరసాపురం నుంచి తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరం మాట్లాడుకోలేదు.

సాయంత్రం అక్క అమ్మ పెట్టె సర్దింది. పాత చీరల అడుగున, మాసిన తెల్లగుడ్డ మూట కనపడింది. విప్పితే చిల్లగింజలు, ఏడు. రెండు బాగా అరిగి బిళ్లల్లా అయిపోయాయి. మిగతావి గుండ్రంగా, కొత్తవాటిలాగే ఉన్నాయి. అక్క వాటిని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఏంటమ్మా అవి?" అంది మేనకోడలు.

చెప్పాం. ఆ పిల్లకి నమ్మకం కుదరలేదు. "చేసి చూపించండి మావయ్యా" అని గొడవ. అటక మీంచి పాత కాగు దింపి కడిగాను. గింజ తడిపి లోపల గుండ్రంగా అరగదీశాను. అమ్మ చెయ్యి ఎలా తిరిగేదో నా చేతికి గుర్తున్నట్టుంది. టిన్ను వంచి నీళ్లు పోశాను. అందరం వంగి చూశాం. పోసినప్పుడే అడుగు కనపడుతోంది. దిగడానికి అందులో మట్టి లేదు.

"ఎర్రనీళ్లు ఎప్పుడొస్తాయి?" అంది.

"జూలైలో. వరదొస్తే."

"అప్పుడు నేనొస్తాను. దాచి ఉంచండి."

రెండు గింజలు అక్క తన పర్సులో వేసుకుంది. మిగతా ఐదూ మళ్లీ అదే గుడ్డలో మూటకట్టి, దేవుడి అలమరలో పెట్టాను. జూన్‌లో కాలువ వదిలారు. రోజూ ఫ్యాక్టరీకి వెళ్తూ వంతెన మీద బండి ఆపి చూస్తున్నాను. నీళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి.